ఎగిరే పక్షి ఫోటోలో రెక్క బ్లర్ అయితే తప్పా?

రెక్కలచప్పుడు: ఎగురుతున్న కొంగను షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/60 సెకను దగ్గర పెట్టి, ప్యానింగ్ చేస్తూ, అంటే పక్షితో పాటే కెమెరాను తిప్పుతూ తీశాను. కన్ను, ముక్కు స్పష్టంగా వచ్చాయి. రెక్కల కొనలు, వెనకున్న చెట్లు చారలయ్యాయి. ఒక పోటీకి పంపితే ‘షార్ప్‌నెస్ లేదు’ అని ఒక్క ముక్కలో తీసేశారు. ఎగిరేటప్పుడు రెక్క కదులుతుంది కదా. కదిలినట్టు కనబడితే తప్పేమిటి?

నీటికాకి: తప్పేనండి. ఎగిరే పక్షికి 1/2000 పెట్టాలి, చిన్న పిట్టలకు 1/3200. కొంగలు నిదానంగా రెక్కలాడిస్తాయి కాబట్టి 1/1000 చాలు. వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులోనూ ఫోటో ప్రకాశంగా వచ్చేలా చేసే సెట్టింగ్) పెంచండి. దానివల్ల వచ్చే నాయిస్‌ను (ఫోటోలో కనబడే గరుకు చుక్కలను) తర్వాత తగ్గించుకోవచ్చు. చెరిగిపోయిన ఈకను ఎవరూ తిరిగి తేలేరు.

తూనీగ: లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే సరిపోదా?

నీటికాకి: సరిపోదు. అది మీ చేతి వణుకును సరిచేస్తుంది, పక్షి కదలికను ఆపదు.

రెక్కలచప్పుడు: వెలుగు చాలక కాదు, కావాలనే 1/60 పెట్టాను. 1/2000 పెడితే అన్నీ సరిపోతాయన్నట్టు మాట్లాడుతున్నారు. సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా వెళ్లే పక్షి 1/2000 సెకనులో 5 మిల్లీమీటర్లు కదులుతుంది. 20 మీటర్ల దూరం నుంచి 500 ఎంఎం లెన్స్‌తో, కెమెరా తిప్పకుండా తీస్తే 45 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ సైజు) సెన్సర్ మీద అది దాదాపు 28 పిక్సెళ్ల బ్లర్. ప్యానింగ్ రాకపోతే మీ 1/2000 కూడా కాపాడదు.

నీటికాకి: కెమెరా తిప్పకుండా ఎవరు తీస్తారండీ? ప్యానింగ్ పక్షి ఒంటి కదలికకే పనికొస్తుంది. రెక్క పైకీ కిందికీ కొట్టుకుంటుంది. దాన్ని ఆపాలంటే షట్టర్ స్పీడ్ ఒక్కటే దారి.

పొదచాటు: ముందు అది కదలిక వల్ల వచ్చిన బ్లరో, ఫోకస్ తప్పిందో చూసుకోండి. బ్లర్ ఒక దిక్కుకు సాగి ఉంటుంది. ఫోకస్ తప్పితే ఈకలన్నీ ఒకేలా మెత్తబడతాయి, పక్షికి ముందో వెనకో ఉన్న కొమ్మ స్పష్టంగా ఉంటుంది. ఎండ ముదిరాక నేల మీద నుంచి లేచే వేడిగాలి వల్ల కూడా వివరాలు పోతాయి. అప్పుడు షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా లాభం ఉండదు.

నీటికాకి: ఫోకస్ సంగతి పక్కన పెట్టండి. చెడిపోయిన ఫోటోకు ‘కళ’ అని పేరు పెట్టడం ఈ మధ్య ఎక్కువైంది.

రెక్కలచప్పుడు: కావాలనే తీశానని పైన రాశాను. అంటే నేను అబద్ధం చెబుతున్నానా? సూటిగా చెప్పండి.

నీటికాకి: సూటిగానే చెబుతాను. డేగ జాతి తేల్చాలంటే రెక్క కొనలో వేళ్లలా విడిపోయిన ఈకలు ఎన్నో లెక్కపెట్టాలి, ఏవి రాలి కొత్తవి వస్తున్నాయో చూడాలి. ఒక అరుదైన పక్షిని చూశానని నేను ఫోటోతో పంపిన రికార్డును ‘రెక్క కొన తెలియడం లేదు’ అని కొట్టేశారు. ఆ పక్షి మళ్లీ కనబడలేదు. నేను చూశానని ఇప్పటికీ ఎవరూ నమ్మరు. బ్లర్ బాగుందని ఎవరన్నా అంటే నాకు కోపం వచ్చేది అందుకే.

రెక్కలచప్పుడు: అంటే మీకు ఫోటో సాక్ష్యం. పక్షి ఏదో తేల్చడానికి ఆగిన రెక్క కావాలి, ఒప్పుకుంటాను. నేను తీసేది దాని పేరు తేల్చడానికి కాదు, అది ఎలా ఎగురుతుందో చూపడానికి. చిన్న హమ్మింగ్‌బర్డ్‌లు సెకనుకు 80 సార్ల దాకా రెక్కలు కొట్టుకుంటాయి. ఆ రెక్క నిలిచిపోయినట్టు ఏ మనిషి కంటికీ కనబడదు. అలా నిలిపిన ఫోటోనే నిజం, నాది చెడిపోయింది అంటే ఎలా?

పొదచాటు: ఇంతకీ పోటీలో ఏ విభాగానికి పంపారు?

రెక్కలచప్పుడు: పక్షుల ప్రవర్తన.

నీటికాకి: ఆ విభాగమైతే కదలిక ఉండొచ్చు, కాదనను. కానీ 1/60 మరీ తక్కువ. 1/250 పెట్టి ఉంటే మెడ దగ్గరి ఈకలైనా నిలిచేవి.

రెక్కలచప్పుడు: 1/250లో వెనక చెట్లు మసకబారతాయి, ఇంత పొడుగు చారలు రావు. నాకు ఆ చారలే కావాలి. వచ్చేసారి కూడా 1/60లోనే తీస్తాను.