పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేయాలని ఉంది, అను ఫాంట్ల ఫైళ్లు ఏమవుతాయి?

తెనాలి పంతులు:

అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. 2014లో మా అబ్బాయి కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదట. బజారులో అడిగితే "మాస్టారూ, పాతసామాన్లవాడికి ఇచ్చేయండి" అన్నారు. తెర శుభ్రంగా ఉంది, మీటలన్నీ పనిచేస్తున్నాయి, ఎందుకివ్వాలి? స్విచ్చి వేసి, కాఫీ కలుపుకుని, తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. నా బాధల్లా అదే.

నా పని ఇదీ: మా మండలంలోని గుళ్ల శాసనాలు, పాత దస్తావేజులు చూసుకుంటూ ఊరి చరిత్ర రాస్తున్నాను. మొదటి సగాన్ని డీటీపీ కుర్రవాడు పుటలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో అను ఫాంట్లతో కొట్టిచ్చాడు. తరవాతి సగం నేనే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికతో వర్డులో కొట్టుకున్నాను. విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్‌లో ఏ రకం వేసుకోవాలి? అందులో తెలుగు టైపు చేయడం ఎలా? అన్నిటికన్నా ముఖ్యం, ఆ మొదటి సగం గతి ఏమిటి?

గోదారి గట్టు:

మాస్టారూ, మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. లినక్స్ మింట్ వేసుకోండి, అందులో పాత యంత్రాలకు తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం. 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు, 4 ఉంటే మంచిదంటారు. మీకు సరిపోతుంది. బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిచి కూర్చుంటే మాత్రం ఏ లినక్సూ కాపాడలేదు.

వెంటనే ఇన్‌స్టాల్ చేసేయకండి. మింట్ సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు (మొత్తం మింట్ ఇమిడి ఉన్న ఫైలు) దించుకుని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే ఖాళీ చేసుకోండి. తరవాత ల్యాప్‌టాప్ వెలిగించగానే, చాలా కంపెనీలవాటిలో ఎఫ్12 నొక్కితే, దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ వస్తుంది. హెచ్‌పీ అయితే ఎస్కేప్, ఆ తరవాత ఎఫ్9. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే హార్డ్ డిస్కును ముట్టకుండానే మింట్ డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. వేగాన్ని అప్పుడే అంచనా వేయకండి, పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు నెమ్మదిగానే ఉంటుంది. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, ప్రింటర్ ఒక్కొక్కటీ చూసుకోండి. వైఫై రాకపోతే ఫోనును కేబులుతో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెట్టండి. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తనకు కావలసింది తెచ్చుకుంటుంది.

అక్కడే మెనూలో 'డిస్క్స్' అని ఉంటుంది. అందులో మీ హార్డ్ డిస్కును ఎంచుకుని స్మార్ట్ (డిస్కు ఆరోగ్యం) వివరాలు తెరవండి. 'రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్', అంటే చెడిపోయి పక్కన పెట్టిన ముక్కల లెక్క, ఎదుట సున్నా ఉందా చూడండి. అంకె ఉండి, అది వారం వారం పెరుగుతుంటే డిస్కు పోయే దారిలో ఉన్నట్టే, రాతలన్నీ ఆ పూటే వేరేచోటికి మార్చేయండి. సున్నా ఉన్నా సరే, మీ కాఫీ ఆలస్యానికి ప్రధాన నిందితుడు ఆ తిరిగే డిస్కే. దాని బదులు తిరిగే భాగాలు లేని 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టించండి.

అచ్చు కొట్టు:

బెజవాడలో అచ్చు పని చేస్తాను. పొద్దస్తమానం అనుతోనే కాపురం కాబట్టి ఆ ముక్క నేను చెబుతాను.

అనులో కొట్టిన ఫైలు కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. తలకట్టుకో ముక్క, గుడికో ముక్క, వత్తుకో ముక్క చొప్పున ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో బొమ్మలు కూర్చిపెట్టారు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిచ్చిగీతలే. ఇది లినక్స్ తెచ్చిపెట్టిన కష్టం కాదు, లక్ష పెట్టి కొన్న కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ ఇదే వరస. పైగా పేజ్‌మేకర్‌లో చివరి వెర్షన్ 2001 నాటిది. మీ చరిత్ర సగం అలాంటి పెట్టెలో ఉంది మాస్టారూ, లినక్స్ వేసినా వేయకపోయినా బయటికి తీయాల్సిందే.

పాత విండోస్ నడుస్తుండగానే ప్రతి అధ్యాయాన్నీ పీడీఎఫ్ చేయించండి. ఇక మీదట మీకు మూలప్రతి అదే. తరవాత పాఠాన్ని కాపీ చేసి, అను నుంచి, ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయండి. అను వెర్షన్లు వేరువేరు, కన్వర్టర్‌లో మీ ఫైలుది ఏదో సరిగ్గా ఎంచుకోవాలి. వచ్చినదాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దాలి. వత్తులు, ముఖ్యంగా ఒకదాని కింద ఒకటి పడే చోట్లు, అరసున్నలు, బండి ఱలు జాగ్రత్త. శాసనపాఠం కదా, అక్కడే దెబ్బతింటుంది. విసుగు పనే, కాని కుర్రవాడికి అప్పజెప్పకండి. శాసనంలో ఱ ఉండాలో ర ఉండాలో వాడికేం తెలుసు?

టైపు సంగతికి దిగులు వద్దు. మింట్‌లో కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ దగ్గర తెలుగు చేర్చుకుంటే వచ్చేది ఇన్‌స్క్రిప్టే. 'కే' మీట క, 'డీ' మీట పొల్లు, కాబట్టి క, పొల్లు, క నొక్కితే క్క. మీ వేళ్లకు కొత్తేమీ ఉండదు. డీటీపీ కుర్రవాళ్లు వాడే యాపిల్ లేఅవుట్ కూడా ఎం17ఎన్ అనే ప్యాకేజీలో దొరుకుతుంది. పుస్తకానికి లిబ్రేఆఫీస్ రైటర్ చాలు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, గిడుగు, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. తెనాలి రామకృష్ణ పేరుతోనూ ఒకటి ఉంది, అట్టకు మీరు అదే వాడాలి మరి!

ఇంకొక మాట. ఒకే డిస్కులో విండోస్, లినక్స్ రెండూ పెట్టే తంటా మీకెందుకు? పాత డిస్కును అలాగే ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టండి. కొత్త ఎస్ఎస్‌డీలో మింట్ వేయండి. రేపు ఏదైనా ఫైలు కావాలంటే కేబులు తగిలిస్తే సరి.

చీరాల చేనేత:

అంత హడావుడి అవసరమా? విండోస్ 10కి 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. అందులో చేరి, రాత అంతా అయ్యాక మార్చుకోవచ్చు కదా.

అచ్చు కొట్టు:

చేరమనండి, మంచిదే. కన్వర్షన్ పని ఆ గడువులోగా తెమిలిపోవాలి. కాని చక్రం తిరగడం దానివల్ల తగ్గదు.

తెనాలి పంతులు:

అందరికీ కృతజ్ఞతలు. డిస్కుల లెక్క చూశాను, సున్నాయే ఉంది. పొడిగింపులో చేరి, ముందు పీడీఎఫ్‌లు చేయిస్తాను, ఆ తరవాతే పాత డిస్కు ఊడదీయిస్తాను. ఎలాగూ మూత తీస్తున్నాం కాబట్టి ర్యామ్ కూడా 8 చేయించమంటున్నాడు మా అబ్బాయి. కొట్టులో ఏమని అడగాలి?

గోదారి గట్టు:

డీడీఆర్3ఎల్ ల్యాప్‌టాప్ ర్యామ్, 1600 వేగం, 4 జీబీ ఒకటి. చివరి 'ఎల్' మరచిపోవద్దు. మీ తరం ప్రాసెసర్‌కు 1.35 వోల్టుల ర్యామ్ కావాలి, 1.5 వోల్టుల పాత డీడీఆర్3 అంటగడితే పనిచేయదు. ఆ అంకె స్టిక్కర్ మీదే ఉంటుంది. మూత తీశాక రెండో స్లాటు ఉందో లేదో చూసి, అప్పుడే డబ్బు ఇవ్వండి.