ఎలైట్ డేంజరస్ స్పేస్ గేమ్‌లో నక్షత్రాల నుంచి ఇంధనం తీసే ఫ్యూయల్ స్కూప్ ఉన్నా ట్యాంకు నిండట్లేదు, ఎందుకు?

ప్రశ్న: కొన్ని నక్షత్రాల దగ్గర స్కూప్ అసలు పనిచేయదు. పనిచేసే చోట నిండేలోపే షిప్ వేడెక్కి సూపర్‌క్రూజ్‌లోంచి (అతివేగ ప్రయాణ మోడ్) బయటపడుతోంది. తప్పెక్కడ?

జవాబు 1: మొదటిది నక్షత్రం రకాన్ని బట్టి. ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్... ఈ ఏడు తరగతులే ఇంధనం ఇస్తాయి. బ్రౌన్ డ్వార్ఫ్, టీ టారీ రకాల దగ్గర ఎంతసేపు తిరిగినా చుక్క రాదు. గెలాక్సీ మ్యాప్‌లో స్టార్ క్లాస్ ఫిల్టర్‌లో ఈ ఏడే ఉంచి, ఆ ఫిల్టర్‌ని రూట్‌కి కూడా వర్తింపజేయండి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే.

జవాబు 2: ఇక వేడి సంగతి. నక్షత్రానికి ఎదురుగా వెళ్లొద్దు, దాన్ని పక్కన పెట్టుకుని అంచు వెంబడి సాగండి. థ్రాటిల్ తగ్గించి సెకనుకు 30 కి.మీ. దగ్గర ఉంచితే చాలు. దగ్గరయ్యేకొద్దీ స్కూప్ వేగమూ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. వేడి 70 శాతం దాటుతుంటే షిప్ ముక్కు కాస్త బయటికి తిప్పండి. 100 దాటితే మాడ్యూళ్లు (షిప్ భాగాలు) దెబ్బతింటాయి. స్కూప్ చేస్తూనే తర్వాతి నక్షత్రానికి జంప్ ఛార్జ్ చేయకండి, అదీ వేడి పెంచుతుంది. సూపర్‌క్రూజ్‌లోంచి బయటపడేది వేడి వల్ల కాదు, నక్షత్రం చుట్టూ ఉన్న హద్దు గీత తాకితేనే బయటికి విసిరేస్తుంది.

జవాబు 3: మ్యాప్‌లో రూట్ గీత చుక్కల్లోకి మారిందంటే అక్కడి నుంచి ఇంధనం చాలదు. న్యూట్రాన్ నక్షత్రం జంప్ దూరాన్ని 4 రెట్లు చేస్తుంది గానీ ఇంధనం ఇవ్వదు, ముందే నింపుకోండి. అయినా అయిపోయి ఆక్సిజన్ టైమర్ మొదలైతే వెంటనే మెయిన్ మెనూకి వచ్చేసి ఫ్యూయల్ రాట్స్‌ని (ఇంధనం తెచ్చిచ్చే ఆటగాళ్ల బృందం) పిలవండి.