పునీత ప్రకటన నాడు వీధిలో పాటలు, బాణసంచా తగునా?

ప్రశ్న:
2025 అక్టోబరు 19న పోపు 14వ లియో ఏడుగురిని పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించారు. వారిలో డాక్టర్ హోసే గ్రెగోరియో ఎర్నాండెస్, మదర్ కార్మెన్ రెండిలెస్ వెనిజులాకు తొలి పునీతులు. రోములో దివ్యబలిపూజ జరిగే వేళకు వెనిజులా రాజధాని కరాకస్‌లో ఇంకా తెల్లవారలేదు. అయినా లా కాండెలారియా గుడి చుట్టూ జనం రాత్రంతా మేలుకొని, పెద్ద తెరల ముందు పాటలు పాడి, బాణసంచా కాల్చారు. ఆ దృశ్యాలు చూసిన మా విచారణ (పారిష్) పెద్దలు కొందరు, అంత గంభీరమైన ఆరాధనకు ఈ సందడి తగదన్నారు. దీనిని భక్తిలో భాగంగా చూడవచ్చునా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
అయ్యా, ఆ వైద్యుని జీవితం తెలిస్తే ఆ సందడి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. 1864లో ఇస్నోతు అనే కొండ ఊరిలో పుట్టిన ఆయన పారిస్‌లో పై చదువులు చదివి, కరాకస్ విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం బోధించారు. పేదలకు ఉచితంగా వైద్యం చేసి, మందులకు తన డబ్బే ఇచ్చేవారు. 1919 జూన్ 29న ఒక పేద రోగికి మందు కొని వీధి దాటుతుండగా కారు తగిలి మరణించారు. అంతిమయాత్రలో జనం ఆయన శవపేటికను తమ భుజాల మీదే మోసుకెళ్లారు. నల్ల కోటు, టోపీతో ఉండే ఆయన బొమ్మ ముందు ఇళ్లలో కొవ్వొత్తులు వెలిగించడం ఎన్నో ఏళ్లుగా సాగుతూనే ఉంది. ఆయన పునీతత్వంపై సభ పరిశీలన 1949లో మొదలైతే, దానికి ముందు మెట్టయిన ధన్యులుగా ప్రకటించడానికే 2021 వరకు పట్టింది. మూడు తరాలు ఎదురుచూసిన మాట రోము నుంచి వినిపించినప్పుడు, ఆయన నడిచి వైద్యం చేసిన వీధులు మౌనంగా ఉండాలని కోరడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం.

రెండవ జవాబు:
ఇది కొత్త ఆచారం కూడా కాదు. 1622 మార్చి 12న పోపు 15వ గ్రెగరీ ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియర్, అవిలా తెరేసా, ఫిలిప్ నేరి, రైతు ఇసిడోర్‌లను ఒకేనాడు పునీతులుగా ప్రకటించారు. తమ ఊరి ఇసిడోర్ కోసం మాడ్రిడ్ ప్రజలు ఊరేగింపులు, కవితా పోటీలు జరిపారు. ఆ పోటీలను నడిపించినవాడు ఆనాటి మహాకవి లోపె దె వేగా. పొలం దున్నిన మనిషి పునీతుడైతే, గుడి లోపలి స్తోత్రాలు ఒక్కటే చాలవని ఆ నగరానికి తోచి ఉంటుంది.

మూడవ జవాబు:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే, పెద్దల భయాన్ని తేలికగా తీసుకోవద్దని కోరుతున్నాను. వెనిజులాలో మరియా లియోన్సా అనే స్థానిక ఆరాధనలో కూడా ఈ వైద్యుని పిలుచుకుంటారు; అందువల్ల అక్కడి కతోలిక గురువులు ఆయన విశ్వాసం ఎలాంటిదో ఓపికగా బోధించవలసి వచ్చింది. పాటతో పాటు ఆ బోధన కూడా ఉండాలి. ఇక తగునా అన్న ప్రశ్నకు మన తేరు పండుగలే దగ్గరి ఉదాహరణ. మా ఊరిలో తేరు వెంట డప్పులు, బ్యాండు మేళం వీధులన్నీ తిరుగుతాయి. తేరు గుడి గుమ్మం చేరగానే వాయిద్యాలు ఆగిపోతాయి, లోపల కీర్తన అందుకుంటారు. ఆ క్షణంలో డప్పు వాయించిన వారే ముందుగా చెప్పులు విడిచి లోపలికి వెళ్లడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.