బ్రేకు లైనర్లు అరిగాయని చెప్పినా బండి పంపారు, ఇప్పుడు కేసు మా తమ్ముడి మీద

పలమనేరు అక్క:
మా తమ్ముడు పద్నాలుగేళ్లుగా లారీ తోలుతున్నాడు. పోయిన వారం కోలార్ నుంచి చెన్నైకి టమాటా లోడుతో పోతూ మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టలేదు, ముందు పోతున్న లారీని వెనక నుంచి గుద్దాడు. దేవుడి దయ వల్ల ప్రాణాలు పోలేదు గానీ క్లీనర్ పిల్లాడికి కాలు రెండు చోట్ల విరిగింది, తమ్ముడికి పక్కటెముకలు చిట్లాయి. పోలీసులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, 125 కింద వాడి మీదే కేసు రాశారు. ఓనర్ ఏమో డీజిల్ మిగుల్చుకోవడానికి న్యూట్రల్‌లో దింపాడని అందరికీ చెప్తున్నాడు. వెనక బ్రేకు లైనర్లు అరిగిపోయాయని వీడు ఆయనకి రెండుసార్లు వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఈ ఒక్క ట్రిప్పు వేసి రా తర్వాత చూద్దాం అని ఆయన జవాబు కూడా ఫోన్‌లో ఉంది. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చూస్తే నాలుగు నెలల కిందటే అయింది, అందుకే బండిలో తప్పేమీ లేదంటున్నారు. బ్రేకుల వల్లే జరిగిందని ఎలా చూపించాలి? తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రి నిద్ర పట్టడం లేదు.

ఆటోనగర్ మెకానిక్:
అక్కా, ముందు ఒక్క మాట, బండి ఇప్పుడు ఎక్కడుంది? స్టేషన్ దగ్గరే ఉంటే చక్రాలు విప్పకముందే మీ తరఫున ఎవరైనా చూడాలి. ఒకసారి షెడ్డుకి చేరి కొత్త లైనర్లు పడ్డాయంటే ఇక చూపించడానికి ఏమీ మిగలదు.

లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి కాబట్టి, ఘాట్‌లో బ్రేకు పోవడం అంటే చాలామంది గాలి పోయిందనుకుంటారు. వెనక స్ప్రింగ్ బ్రేకు ఉన్న బండికి గాలి పూర్తిగా పోతే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి, పరుగెత్తవు. కాబట్టి పెడల్ తొక్కితే, గాలి తగ్గినప్పుడు మోగే బజర్ మోగకుండా, గాలి మీటరు నిండుగా చూపిస్తూ కూడా బండి ఆగలేదంటే అది గాలి కథ కాదు, వేడి. దిగుడులో పెడల్ మీద కాలు తీయకుండా వస్తే చక్రంతో తిరిగే డ్రమ్ము కాలి ఉబ్బుతుంది, దానికి ఆని ఆపే లైనర్‌కి డ్రమ్ముకి మధ్య సందు పెరుగుతుంది, గాలి బలంతో బ్రేకు నొక్కే బూస్టర్ రాడ్డు ఎంత దూరం తోసినా లైనర్ గట్టిగా ఆనదు. లైనర్ ముందే అరిగి, ఆ సందు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ సరిగ్గా టైట్ చేయకపోతే ఆ సందు మొదటి నుంచీ ఎక్కువే కదా. ఇంకోటి, ఒక చక్రం పట్టకపోతే ఆ పని మిగతా చక్రాలు చేయాలి, అవి ఇంకా తొందరగా కాలతాయి. నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఒక బూస్టర్ లీకైతే దానికి గాలి పైపు మూసేసి అలాగే వారాల తరబడి తిప్పినవి ఉన్నాయి, చూసినప్పుడల్లా గుండె జారిపోతుంది.

డ్రమ్ము విప్పితే లోపల నీలం మచ్చలు, సన్న పగుళ్లు కనిపిస్తాయి, అది బాగా కాలిందనడానికి గుర్తు. లైనర్ మందం ఎంతుందో స్కేలు పెట్టి, చక్రం పేరు రాసి ఫొటోలు తీయండి. ఒక చక్రం డ్రమ్ము కాలి పక్కది మామూలుగా ఉంటే అది కూడా చెప్పుకోదగ్గ విషయమే.

ఎఫ్‌సీ సంగతి పట్టించుకోకండి. ఆ రోజు బండి ఎలా ఉందో మాత్రమే అది చెప్తుంది. టైర్లు అద్దెకి తెచ్చి బిగించి, ఎఫ్‌సీ అవగానే పాత రీబటన్ (పైపొర మళ్లీ అతికించిన) టైర్లు వేసుకుపోయినవాళ్లని నేనే చూశాను.

కోర్టు గుమస్తా:
మెకానిక్ అన్న చెప్పింది నిజం. కేసులో అందరూ చూసేది బ్రేక్ ఇన్‌స్పెక్టర్, అంటే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఇచ్చే రిపోర్టు. అందులో "మెకానికల్ లోపం లేదు" అన్న ఒక్క వాక్యం ఉంటే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టం. చక్రాలు విప్పి చూడమని స్టేషన్‌కీ రవాణా ఆఫీసుకీ రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

మోటారు వాహన చట్టం 190 సెక్షన్ ప్రకారం లోపం తెలిసి బండి తోలినవాడే కాదు, తోలించినవాడు కూడా బాధ్యుడే. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగితే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. అయితే జాగ్రత్త, ఆ వాయిస్ మెసేజ్ రెండు వైపులా కోస్తుంది. ఓనర్‌కి తెలుసని చూపిస్తుంది, మీ తమ్ముడికి కూడా తెలుసని చూపిస్తుంది. కాబట్టి వకీలు చెప్పేదాకా ఎవరికీ పంపకండి, ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి.

బ్రేకు ఫెయిలైంది మేమేం చేస్తాం అని ఓనర్లు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో అంటుంటారు. లారీ, కారు గుద్దుకున్న కేసులో 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది, తగిన జాగ్రత్త తీసుకున్నా ఆ లోపం బయటపడేది కాదని చూపించాల్సింది ఓనరే అని. ఇక్కడైతే ఆయనకి ముందే చెప్పారు.

ఇంకొకటి మర్చిపోకండి. పనిలో దెబ్బ తగిలింది కాబట్టి తమ్ముడికీ క్లీనర్‌కీ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద ఓనర్ దగ్గర హక్కు ఉంది. నిర్లక్ష్యం ఎవరిదన్న గొడవ అక్కడ మామూలుగా అడ్డు రాదు. ఆలస్యం చేయకుండా వేయండి. ఆ పిల్లాడి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి, వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.

రెండు బండ్ల ఓనర్:
నేను కూడా ఓనర్నే, ఆ వాయిస్ మెసేజ్ సంగతి చదివి బాధేసింది. కిస్తీ కట్టాలి, టమాటా ఆగితే కుళ్లిపోతుంది, లోడు ఇచ్చినవాడు గంటకోసారి ఫోన్ చేస్తాడు, ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా లైనర్లు మార్చడానికి బండి ఒక పూట ఆగుతుంది, అంతే. ఒక పూట కోసం ఘాట్‌కి పంపడం తప్పు, ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ తల్లీ, తమ్ముణ్ణి నిజం అడగండి. ఏ గేరులో దిగాడు? న్యూట్రల్‌లో దించితే ఇంజిన్ పట్టు ఉండదు, భారమంతా లైనర్ల మీదే పడుతుంది, మంచి లైనర్లు కూడా కాలిపోతాయి. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టం మూసి ఇంజిన్‌తో బండిని నెమ్మదింపజేసేది) పనిచేసిందా లేదా అన్నది కూడా అడగండి. వకీలు దగ్గర ఇది దాచితే తర్వాత మీకే దెబ్బ.

పలమనేరు అక్క:
అందరికీ చేతులెత్తి దండం. ఆసుపత్రిలో వాడికి చదివి వినిపించాను. మూడో గేరులోనే ఉన్నాడట, బజర్ మోగలేదట, ఎగ్జాస్ట్ బ్రేకు రెండు నెలలుగా పనిచేయడం లేదట, అది కూడా ఓనర్‌కి తెలుసట. బండి ఇంకా స్టేషన్ పక్క ఖాళీ స్థలంలోనే ఉంది. రేపు పొద్దున్నే అర్జీ రాసుకుని, చిత్తూరు నుంచి తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని పోతున్నాం. క్లీనర్ వాళ్లమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాను.