ముక్కులో ఎంఆర్‌ఎస్‌ఏ దొరికింది, ఒంట్లో ఏ బాధా లేదు: మందు పెట్టాలా, వదిలేయాలా?

థర్డ్‌ఇయర్‌మెడికో:
మైక్రోబయాలజీ ప్రాక్టికల్‌లో బ్యాచ్ అంతా ఎవరి ముక్కు స్వాబ్ వాళ్లమే కల్చర్ పెట్టుకున్నాం. నా ప్లేటులో, మెథిసిలిన్‌కి బదులు పరీక్షకు వాడే సిఫాక్సిటిన్ మందు డిస్క్ దగ్గరిదాకా బ్యాక్టీరియా పెరిగిపోయింది. అంటే ఎంఆర్‌ఎస్‌ఏ, మెథిసిలిన్ జాతి యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా. నాకు కనీసం జలుబు లేదు, యాంటీబయాటిక్ మింగి రెండేళ్లయింది. వచ్చే నెల ఆర్థో వార్డు పోస్టింగ్. ముక్కులో పూసే యాంటీబయాటిక్, మ్యూపిరోసిన్ ఆయింట్‌మెంట్ పెట్టుకుందామని నేను, వద్దని ఇంజినీరింగ్ చదివే రూమ్మేట్. మీరేమంటారు?

ల్యాబ్‌బెంచి:
ముందు కోయాగ్యులేజ్ టెస్ట్ చేశావా బాబూ? ప్లాస్మాను గడ్డకట్టిస్తేనే అది ఆరియస్. ముక్కులో దాని చుట్టం స్టాఫ్ ఎపిడెర్మిడిస్ ఎప్పుడూ ఉండేదే, దానికి మెథిసిలిన్ పనిచేయకపోవడమూ మామూలే. దాన్ని చూసి ఎంఆర్‌ఎస్‌ఏ అనుకుని నిద్ర పాడుచేసుకున్న స్టూడెంట్లను చాలామందిని చూశాను.

థర్డ్‌ఇయర్‌మెడికో:
చేశాం మేడమ్. నాలుగు గంటలకల్లా ప్లాస్మా గడ్డకట్టింది, ట్యూబు వంచినా కదల్లేదు. డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్ 14 మిల్లీమీటర్లు.

ల్యాబ్‌బెంచి:
21, అంతకు తక్కువైతే రెసిస్టెంటే. సరే, ఇక వాదించుకోండి.

వదిలేయ్‌అన్నా:
నా ఓటు రూమ్మేట్‌కే. స్టాఫ్ ఆరియస్ దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఉంటుంది. అమెరికా లెక్కల్లో నూటికి ఇద్దరు ఎంఆర్‌ఎస్‌ఏ మోస్తున్నారు, తెలియకుండానే తిరిగేస్తుంటారు. ఆయింట్‌మెంట్ ఐదు రోజులు పెడితే పోతుంది, నిజమే. కొన్ని నెలల్లో చాలామందికి తిరిగొస్తుంది కూడా. ఈలోగా మ్యూపిరోసిన్‌కీ లొంగని రకం తయారైతే, రేపు నిజంగా అవసరమైన పేషెంట్‌కి ఏం రాస్తావు?

సెగ్గడ్డలబాధితుడు:
అన్నా, చెప్పడం తేలికే. మా వాలీబాల్ టీమ్‌లో ఒకడికి తొడమీద సెగ్గడ్డ లేస్తే సాలెపురుగు కుట్టిందనుకున్నాడు. నెల తిరక్కుండా నలుగురికి లేచాయి. అందరికీ ఒకటే టవల్, ఒకటే రేజర్. నాకు కోసి చీము తీశారు, కల్చర్‌లో ఇదే వచ్చింది. మేమంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లమే కదా?

వదిలేయ్‌అన్నా:
మీ కేసు వేరు బ్రదర్. మీకు జబ్బు చేసింది, ఒకరి నుంచి ఒకరికి పాకింది. అక్కడ టీమ్ మొత్తానికీ ఒకేసారి మందు పెట్టినా అర్థముంది. ఇతనికి ఏమొచ్చిందని?

ఐసీయూనర్స్:
నేను మెడికో వైపు. రక్తంలో ఆరియస్ చేరినవాళ్లలో నూటికి 80 మందికి పైగా ముక్కులోనూ అదే రకం దొరికిందని 2001లో జర్మనీ పరిశోధన. 2013లో అమెరికా ఐసీయూల్లో, ఎవరికుందో వెతక్కుండా అందరికీ మ్యూపిరోసిన్ పెట్టి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకంతో ఒళ్లు తుడిస్తే రక్తంలో ఇన్ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి.

ల్యాబ్‌బెంచి:
ఆ రెండూ మంచాన పడ్డ పేషెంట్ల లెక్కలమ్మా. గొట్టాలు, కాథెటర్లు గుచ్చిన ఒళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడికి వాటిని అంటగడితే ఎలా? మెథిసిలిన్ వచ్చింది 1959లో. 1961కల్లా ఇంగ్లండ్‌లో దానికి లొంగనిది దొరికింది. రెండంటే రెండేళ్లు! అందుకే నాకు ప్రతి మందు విషయంలోనూ పిసినారితనం.

ఐసీయూనర్స్:
నా బెంగ అతని గురించి కాదు మేడమ్. ముక్కు గోక్కున్న చెయ్యి ఆర్థో వార్డులో ఎవరి కుట్ల మీదికి పోతుందోనని.

ల్యాబ్‌బెంచి:
ఆ మాట ఒప్పుకుంటాను. పోస్టింగ్ లేకపోతే వదిలేయమనేదాన్నే. బాబూ, వార్డుకెళ్లే ముందు ఇంకోసారి స్వాబ్ తీయించు. కొందరి ముక్కులో ఇది వచ్చిపోతూ ఉంటుంది. అప్పటికీ ఉంటే మ్యూపిరోసిన్‌కి లొంగుతుందో లేదో సెన్సిటివిటీ చూపించి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లను అడిగి పెట్టుకో.

థర్డ్‌ఇయర్‌మెడికో:
సరే మేడమ్. ఆయింట్‌మెంట్ ట్యూబు మూత తీయకుండా డ్రాయర్‌లో పడేశాను. వదిలేయమని తెగ వాదించిన మా రూమ్మేట్, తన ముక్కులో మాత్రం స్వాబ్ పెట్టనివ్వట్లేదు.