వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, శోధ్‌గంగ, పేపర్లు: వరంగల్ స్కాలర్ల చర్చ

వడ్డేపల్లి_చెరువు:
అన్నలారా, పీహెచ్‌డీ కాకతీయ యూనివర్సిటీల, ఉద్యోగం హనుమకొండల ప్రైవేట్ కాలేజీల. ఓఎన్‌ఓఎస్ (వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, పరిశోధన పత్రికలకు కేంద్రం కట్టే చందా) నాకు వర్తిస్తదా? థీసిస్ తెలుగుల ఉంది, శోధ్‌గంగకు (పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే ఆన్‌లైన్ భండారం) ఎట్ల తయారు చేయాలె? పేపర్ ఏడ పంపాలె?

భద్రకాళి_గ్రంథాలయం:
ఓఎన్‌ఓఎస్‌ను కేంద్ర కేబినెట్ 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025, 26, 27 మూడేళ్లకు 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000. ప్రస్తుతానికి ప్రభుత్వ విద్యాసంస్థలకే కాబట్టి మీ కాలేజీ ఇందులోకి రాదు. పీహెచ్‌డీ నమోదు యూనివర్సిటీలో ఉంది కదా, అక్కడి లైబ్రరీలో ఓఎన్‌ఓఎస్ చూసే నోడల్ అధికారిని అడగండి. క్యాంపస్ నెట్‌వర్క్ మీద నేరుగా తెరుచుకుంటాయి. ఇంటి నుంచి చదవాలంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ) వారి ఇన్‌ఫెడ్ లాగిన్ కావాలి.

ఓరుగల్లు_కెమిస్ట్రీ:
ఓఎన్‌ఓఎస్‌ను ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునేది) అనుకోవద్దు. చందా కట్టినన్నాళ్లు చదువుకోవచ్చు, అంతే. నోడల్ అధికారి లేని కాలేజీ పిల్లలకు మీ పేపర్ అందాలంటే మీరే బయట పెట్టాలె. రివ్యూ అయ్యాక, అంగీకారం వచ్చిన చివరి వర్డ్ ఫైల్‌ను దాచుకోండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తరు: ప్రచురణకర్త డిజైన్ చేసిన పీడీఎఫ్‌ను అప్‌లోడ్ చేసి, తర్వాత తీసేయమని నోటీసు తెచ్చుకుంటరు. షెర్పా రోమియోలో (పేరు ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్) పత్రిక పేరు కొడితే ఏ ప్రతి, ఎన్ని నెలల తర్వాత, ఎక్కడ పెట్టొచ్చో వస్తది. డీబీటీ, డీఎస్‌టీ (కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ టెక్నాలజీ విభాగాలు) డబ్బుతో చేసిన పని అయితే 2014 విధానం ప్రకారం, అంగీకారం వచ్చిన రెండు వారాల్లో రిపాజిటరీలో (పేపర్లు అందరికీ అందేలా దాచే ఆన్‌లైన్ భండారం) జమ చేయాలె. మీ సంస్థకు రిపాజిటరీ లేకుంటే జెనోడో చాలు. ఒక్కో రికార్డుకు 50 జీబీ వరకు, డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉచితం.

వేయిస్తంభాలు:
తెలుగు థీసిస్ సంగతి నేను చెప్తా, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత పద్ధతి అను ఫాంటులో కొట్టిన ఫైల్ పీడీఎఫ్ చేస్తే కంటికి తెలుగే, కంప్యూటరుకు పిచ్చి గీతలు. అంత కష్టపడి రాసింది ఏ వెతుకులాటలోనూ దొరకదు. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు రాకుంటే యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షర పద్ధతి) మార్చాల్సిందే.

కన్వర్టర్ ఇంగ్లిషు పదాలను కూడా తెలుగనుకుని పాడు చేస్తది. అందుకే వాటిని, ముఖ్యంగా గ్రంథసూచిని, ముందే వేరే ఫైల్లోకి తీయండి. మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు పేజీ పేజీ చూడాలె; ఒత్తు జారితే పదమే మారిపోతది. కొత్త పీడీఎఫ్‌కు మళ్లీ అదే కాపీ పరీక్ష. యూనికోడ్‌లో కొట్టినా, ఎగుమతి సరిగ్గా కాకపోతే అక్షరాలు పోతయి.

భద్రకాళి_గ్రంథాలయం:
దానికి తోడు: శోధ్‌గంగకు ఒకే పెద్ద ఫైల్ ఇవ్వొద్దు. శీర్షిక పేజీ 01, ధ్రువపత్రం 02, ఇట్లా వరుస అంకెలతో ఒక్కో అధ్యాయం వేరు ఫైలు. శీర్షిక, ముగింపు కలిపి 80_రికమెండేషన్ అని మరొకటి. స్కాన్ చేసిన సంతకాల పేజీలు తప్ప మిగతా అంతా టెక్స్ట్ పీడీఎఫ్ ఉండాలి. ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టకండి.

ఓరుగల్లు_కెమిస్ట్రీ:
పత్రిక విషయం: యూజీసీ గుర్తించిన పత్రికల కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇంకా 'కేర్ లిస్టెడ్, వారంలో పబ్లికేషన్' అని వాట్సాప్‌లో వస్తే దూరంగా ఉండండి. డీఓఏజేలో (ఓపెన్ యాక్సెస్ పత్రికల డైరెక్టరీ) వెతికి, ఫీజు లేని పత్రికల ఫిల్టర్ పెట్టండి. నకిలీ సైట్లు అసలు పత్రిక పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రిక గుర్తింపు నంబరు) రెండూ వాడుకుంటయి. అందుకే గూగుల్‌లో వచ్చిన లింకు కాకుండా, ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్ రికార్డులో ఉన్న చిరునామాతో పోల్చి చూసుకుని పంపండి.

వడ్డేపల్లి_చెరువు:
కాపీ పరీక్ష చేసిన, గీతలే వచ్చినయి. అను 7లో ఉంది. గ్రంథసూచి వేరు చేసి ఇయ్యాల్నే మొదలుపెడ్తున్న.

వేయిస్తంభాలు:
ఒక అధ్యాయం పూర్తిగా సరిచూసుకున్నాకే మిగతావి మార్చండి. మొదటి అధ్యాయంలో ఏ ఒత్తు తప్పుతదో మిగతా వాటిల్లోనూ అదే తప్పుతది. ఫైండ్ రీప్లేస్‌తో ఒక్కసారే సరిచేయొచ్చు.