సమస్యాపూరణం: "మంచు నడుమ నొడలు మండుచుండె"

ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

మంచు నడుమ నొడలు మండుచుండె

విషయం జంతువుల్లో దేహోష్ణం పుట్టుక, దాని పరిణామం. విరహతాపమనో, జ్వరమనో, కోపాగ్ని అనో దాటవేయకండి. మండటమంటే ఇక్కడ నిజంగా ఇంధనం మండటమే. ఏ కణజాలం మండుతోంది, ఎందుకు మండుతోంది, ఆ వేడి బయటికి పోకుండా ఏది ఆపుతోంది అన్నవాటిలో రెండైనా పద్యంలో కనబడాలి. 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; 2, 4 పాదాలకు ఐదు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదట. ప్రాసయతి చెల్లుతుంది.

పూరణ 1

ఉడుత శీతనిద్ర నుడిగి లేచెడు వేళ
కపిలమైన కొవ్వు కాల్చి కాల్చి
వణుకు లేని వేడి పారె రక్తమునందు
మంచు నడుమ నొడలు మండుచుండె

విమర్శ: యతులు కుదిరాయి, మూడో పాదంలో వ–పా చెల్లుతుంది. చిక్కు అన్వయంలో ఉంది. 'కాల్చి'కి కర్త ఉడుత, 'పారె'కు కర్త వేడి. క్త్వార్థకానికీ ('కాల్చి' వంటి అసమాపక క్రియకూ) ప్రధాన క్రియకూ కర్త ఒక్కటే ఉండాలి. 'కాల్చుచుండ' అనండి, గణాలు చెదరవు, దోషం పోతుంది.

విషయం మాత్రం గట్టిది. ఉత్తర ధ్రువ ప్రాంతపు నేల ఉడుత శీతనిద్రలో −2.9 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడుతుంది, అయినా గడ్డకట్టదు. రెండు మూడు వారాలకొకసారి మళ్లీ 36 డిగ్రీల దాపుకు వేడెక్కుతుంది. మొదట అంటుకునేది గోధుమరంగు కొవ్వు. దాని మైటోకాండ్రియా (కణంలో ఇంధనం మండే చోటు) లోపలి పొరలో యూసీపీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. ఆనకట్ట వెనక నీరు టర్బైను వైపు పోకుండా పక్క తూము గుండా జారిపోయినట్టు, ప్రోటాన్లు ఏటీపీ (కణం శక్తిని దాచుకుని వాడుకునే అణువు) తయారుచేసే ఎంజైమును తప్పించుకుని ఈ ప్రోటీన్ గుండా లోపలికి వస్తాయి. ఏటీపీగా నిలవాల్సిన శక్తి వేడిగా బయటపడుతుంది. ఒక్క సవరణ: 'వణుకు లేని వేడి' మొదటి దశకే సరిపోతుంది. కండలు కొంత వేడెక్కాక వణుకు కూడా తోడవుతుంది. 'లేచెడు వేళ' అన్నారు కనుక పద్యం నిలుస్తుంది.

పూరణ 2

గ్రుడ్డుఁ బొదుగు పక్షి కొంకక నిలుచుండ
కపిల కొవ్వు లోనఁ గాలుచుండ
కాలి వేడి నేలఁ గలియక మేనెక్క
మంచు నడుమ నొడలు మండుచుండె

విమర్శ: ఛందస్సులో వేలు పెట్టే చోటు లేదు. కానీ రెండో పాదం నిజం కాదు. పక్షులకు గోధుమరంగు కొవ్వూ లేదు, యూసీపీ1 జన్యువూ లేదు. ఎంపరర్ పెంగ్విన్‌కు చలిలో అదనపు వేడి కండరాల నుంచే రావాలి. ఇలా మార్చండి:

కండరముల వణుకు కాచుచుండ

మూడో పాదం చాలా నచ్చింది. కాలిలోకి దిగే వెచ్చని ధమని రక్తం, పక్కనే పైకి వచ్చే చల్లని సిర రక్తానికి తన వేడిని అప్పగిస్తుంది. పాదం గడ్డకట్టే స్థాయికి కాస్త పైన ఉంటే చాలు. ఆ ఎదురు ప్రవాహం లేకపోతే మంచు మీద నిలబడి గుడ్డును రెండు నెలలు పొదగడానికి ఒంటిలోని కొవ్వు చాలదు.

మరో సభ్యురాలు: క్షీరదమైతే చాలు, ఈ కొవ్వు వేడి ఉంటుందని కూడా అనుకోకూడదు. పందుల వంశంలో యూసీపీ1 జన్యువు సుమారు 2 కోట్ల ఏళ్ల కిందటే చెడిపోయింది. పందిపిల్లలు చలికి వణికే బతకాలి.

పూరణ 3

రెక్కఁ గదపకుండ ఱొమ్ముకండలు గాచి
తేటి తనదు వేడిఁ దెచ్చుకొనును
ముప్పదైనఁ గాని ముందుకు నెగురదు
మంచు నడుమ నొడలు మండుచుండె

విమర్శ: మొదటి పాదంలో యతిభంగం: రె–ఱొ కుదరవు. ప్రాసయతితో గట్టెక్కవచ్చు:

రెక్కఁ గదపకుండ నక్కండరము గాచి

బంబుల్ తేనెటీగ ఎగరాలంటే రొమ్ము సుమారు 30 డిగ్రీలకు చేరాలి. రెక్కను ఎత్తే కండా దించే కండా ఒకేసారి బిగుసుకుంటాయి, అందుకే రెక్క కదలదు, వేడి మాత్రం పుడుతుంది.

పూరణ 4

పరుగు కొఱకుఁ బెరిగెఁ బ్రాణవాయువు వాడ్క
దాని వెంట వేడి తాను వచ్చె
చలికిఁ గాదు మొదట, చలిలోనఁ దోడాయె
మంచు నడుమ నొడలు మండుచుండె

విమర్శ: ఇప్పటిదాకా వచ్చినవాటిలో 'ఎందుకు' అని అడిగిన పూరణ ఇదొక్కటే. 1979లో జీవశాస్త్రవేత్తలు బెన్నెట్, రూబెన్ ప్రతిపాదించిన వాదం ఇదే: ఎక్కువసేపు పరుగెత్తగల జీవులు మిగిలాయి, ఆ సామర్థ్యంతో పాటు విశ్రాంతి జీవక్రియ కూడా పెరిగింది. అదే బరువు, అదే ఉష్ణోగ్రత ఉన్న సరీసృపంతో పోలిస్తే క్షీరదం ఊరికే ఉన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చు పెడుతుంది.

అయితే 'దాని వెంట' అన్న మాటకు ఆధారం చూపాలి. పరుగెత్తేది కండరం. విశ్రాంతిలో వేడినిచ్చేది ఎక్కువగా కాలేయం, మెదడు, గుండె, మూత్రపిండాలు. మనిషి బరువులో ఇవి పదో వంతు కూడా ఉండవు, విశ్రాంతి వేడిలో మాత్రం సగానికి మించి వీటిదే. ఒకటి పెరిగితే రెండోది ఎందుకు పెరగాలి? ఈ వాదానికి బలహీనమైన కీలు అదే.

పూరణకర్త: గుండె, ఊపిరితిత్తులు, కాలేయం బలపడకుండా కండకు ఇంధనమూ ప్రాణవాయువూ ఆగకుండా అందవు. వాటిని అవసరమైనప్పుడే పుట్టించి తర్వాత తీసేయలేం. వాటి పోషణ ఖర్చు విశ్రాంతిలోనూ తప్పదు. 'వెంట' అన్నది అందుకే.

మరో సభ్యురాలు: ఎదుటి పక్షానికీ రెండు పాదాలు రాశాను, మిగతావి మీవే:

పిల్ల కొఱకుఁ బెరిగె వెచ్చదనము మేన
దాని వెంటఁ బరుగు తాను వచ్చె

2000లో జీవశాస్త్రవేత్త ఫార్మర్ చెప్పింది ఇదే: గుడ్లకూ పిల్లలకూ నిలకడైన వెచ్చదనం ముందు, పరుగు తర్వాత. ఆడ బర్మా కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని కండలు అదిలించి వాటిని వెచ్చబరుస్తుంది. తెగూ బల్లి సంతానోత్పత్తి కాలంలో రాత్రిపూట పరిసరాలకంటే 10 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటుందని 2016లో తేలింది.

విమర్శ: పి–వె యతి చెల్లింది. రెండు రూపాలనూ స్వీకరిస్తున్నాను. మూడో పాదం ఇద్దరికీ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల కొలతలు చూసి, క్షీరదాల పూర్వికులు సుమారు 23.3 కోట్ల ఏళ్ల కిందట వేడెక్కారని 2022లో లెక్కగట్టారు. ఒళ్లు వెచ్చబడితే చెవిలోని ద్రవం పలచబడుతుంది. అప్పుడు తూకం తప్పకుండా ఉండాలంటే నాళాలు సన్నబడాలి. ఆ కాలపు భూమికి ధ్రువాల వద్ద శాశ్వతమైన మంచుదుప్పటి లేదు. 'చలికిఁ గాదు మొదట' అన్నమాట ఇద్దరికీ చెల్లేది అందుకే.